కనిష్ఠ క్రియా సూత్రము: ఒక ఋజువు ఓడిపోయి సమీకరణము నిలిచిన చరిత్ర

ఉపోద్ఘాతము

మల్కాజ్‌గిరిలోని మా సంఘములో ఒక సాయంకాలము యౌవనస్థుల కూడికలో నేను సృష్టిని గూర్చి వాక్యము చెప్పాను. "సృష్టికర్త దేనినీ వృథా చేయడు. కాంతి కిరణము తక్కువ సమయము పట్టే దారినే ఎంచుకుంటుంది. విసిరిన రాయి కూడా తక్కువ శ్రమతో పోయే దారినే పోతుంది. దేవుడు ఉన్నాడనుటకు ఇంతకంటె ఋజువు కావాలా?" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. కూడిక ముగిసిన తరువాత ఎమ్మెస్సీ భౌతికశాస్త్రము చదువుతున్న ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, అది ఎప్పుడూ తక్కువే కాదండీ, కొన్నిసార్లు ఎక్కువ కూడా అవుతుంది. 'కనిష్ఠం' అనేది పేరుకే. మరి అప్పుడు మీరు చెప్పిన ఋజువు ఏమవుతుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "చదివి చెప్తాను బాబూ" అన్నాను.

అతనికి జవాబు చెప్పడానికి నేను చదివిన చరిత్రయే ఈ వ్యాసము. యంత్రశాస్త్రములో కనిష్ఠ క్రియా సూత్రము అనబడే దానికి దైవజ్ఞాన చరిత్రలోనూ ఒక స్థానము ఉన్నదని వేదాంత కళాశాలలో చదివిన రోజులలో నాకు తెలియదు. 18వ శతాబ్దములో దీనిని దేవుని ఉనికికి ఋజువుగానే ప్రకటించారు. ఆ ఋజువు నిలువలేదు. సూత్రము మాత్రము న్యూటన్ యంత్రశాస్త్రమును దాటి ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతము వరకు చెక్కుచెదరక వచ్చింది. ఋజువు ఎందుకు ఓడిపోయిందో, సూత్రము ఎందుకు నిలిచిందో, ఆ మధ్యలో ఋజువును మోసినవారు ఎట్లు ప్రవర్తించారో పరిశీలించుట బోధకులకు మేలు. ఇందులో గణిత సమీకరణములు వ్రాయలేదు. వాటి భావమును మాటలలో చెప్పుటకు ప్రయత్నించాను.

1. కాంతి నడిచే దారి

క్రీస్తు శకము మొదటి శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు హీరో, అద్దముపై పడి తిరిగివచ్చే కాంతి అతి దగ్గర దారిలో పోతుందని చూపాడు. గాలిలో నుండి నీటిలోనికి పోయేటప్పుడు కిరణము ఎందుకు వంగుతుందో దగ్గర దారి అనే మాటతో తేలదు. దీనికి మార్గము చూపినవాడు ఫ్రాన్సు దేశములోని తులూజ్ న్యాయస్థానములో పనిచేసిన పియేర్ ద ఫెర్మా. కాంతి దగ్గర దారిని గాక, తక్కువ సమయము పట్టే దారిని తీసుకుంటుందని భావించి, 1662లో ఆ భావము నుండి వక్రీభవన నియమమును రాబట్టాడు.

పల్లెలో పెరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. రోడ్డు మీద నిలబడిన రైతు, దమ్ము చేసిన మడి మధ్యలో ఉన్న మోటారు దగ్గరకు త్వరగా చేరాలి. రోడ్డు మీద కాలు వేగముగా పడుతుంది, బురదలో కూరుకుపోతుంది. తిన్నగా మోటారు వైపు పోతే బురదలో నడక ఎక్కువవుతుంది. అందుచేత అతడు రోడ్డు మీద కొంత ఎక్కువ నడిచి, తరువాత ఒక మలుపు తిరిగి మడిలోనికి దిగుతాడు. నీటి అంచున కాంతి చేసేది అదే.

రైతుకు మోటారు ఎక్కడ ఉన్నదో ముందే తెలుసు. కాంతికి ఎట్లు తెలుసు? ఈ ప్రశ్నను ఆ 1662లోనే డెకార్ట్ శిష్యుడైన క్లెర్సెలియే ఫెర్మాకు వ్రాశాడు. ప్రకృతి ముందుచూపుతో ఆలోచించి ఎంచుకునేది కాదనీ, ఫెర్మా చెప్పినది నైతిక సూత్రమే గాని భౌతిక కారణము కాదనీ అతని అభ్యంతరము. గమ్యమును చూచి దారి నిర్ణయమగుట అంతిమ కారణము. వెనుక నుండి తోసే బలము వలన దారి నిర్ణయమగుట నిమిత్త కారణము. అరిస్టాటిల్ కాలము నుండి తత్త్వశాస్త్రములోను, అక్విన్సు వారి ద్వారా దైవజ్ఞానములోను నడుస్తూ వచ్చిన ఈ భేదము భౌతికశాస్త్రములో ఇక్కడ మళ్ళీ తలెత్తింది. ఈ వ్యాసములోని కథ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

2. భూమిని కొలిచినవాని సూత్రము

పియేర్ లూయీ మోపెర్టూయి 1698లో ఫ్రాన్సులోని సాన్ మాలో రేవు పట్టణములో జన్మించాడు. భూమి ధ్రువముల దగ్గర అణగి ఉన్నదా, లేక సాగి ఉన్నదా అనే వివాదమును తేల్చుటకు 1736లో ఉత్తర ధ్రువ ప్రాంతమైన లాప్‌లాండుకు దండయాత్ర వంటి కష్టమైన ప్రయాణము చేసి, మంచులో కొయ్య కొలకడ్డీలు పరచి ఒక డిగ్రీ అక్షాంశపు పొడవును కొలిచాడు. భూమి ధ్రువముల వద్ద అణగియే ఉన్నదని, అంటే న్యూటన్ చెప్పినదే నిజమని ఆ కొలత చూపింది. ఐరోపా అంతటా అతని పేరు మారుమ్రోగింది. 1746లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ అతనిని బెర్లిన్ అకాడమీకి అధ్యక్షునిగా చేశాడు.

1744లో పారిస్ అకాడమీ ముందు చదివిన పత్రములో మోపెర్టూయి ఫెర్మా సూత్రమును మార్చాడు. ఆ కాలపు పండితులలో చాలామంది వలె అతడు కూడా కాంతి నీటిలో గాలిలో కంటె వేగముగా పోతుందని నమ్మాడు. ఆ లెక్కన ఫెర్మా చెప్పిన తక్కువ సమయము కుదరదు. అందువలన ప్రకృతి పొదుపు చేసేది సమయమును కాదు, "క్రియ"ను అన్నాడు. ద్రవ్యరాశిని, వేగమును, దూరమును గుణించగా వచ్చేది క్రియ. 1746లో ఈ సూత్రమును కాంతి నుండి వస్తువులన్నిటి చలనమునకు విస్తరింపజేశాడు. ప్రకృతిలో ఏ మార్పు జరిగినా అందుకు ఖర్చయ్యే క్రియ సాధ్యమైనంత తక్కువగా ఉంటుంది అనునది అతని సిద్ధాంతము.

1750లో ప్రచురించిన విశ్వవిచార గ్రంథములో మోపెర్టూయి దీనిని దేవుని ఉనికికి ఋజువుగా నిలిపాడు. అంతకుముందు ఋజువులు చెప్పినవారిని అతడు ఎగతాళి చేశాడు. ఖడ్గమృగపు చర్మపు ముడతలలో కూడా దేవుని జ్ఞానమును వెదకినవారు ఉన్నారని, చిన్న చిన్న వింతలను పోగుచేయుట వలన అవిశ్వాసికి నవ్వు వస్తుందే గాని నమ్మకము కలుగదని అన్నాడు. సర్వసృష్టికి వర్తించే ఒకే నియమము, అది కూడా జ్ఞానవంతుడైన గృహనిర్వాహకుని పొదుపును చూపే నియమము, దొరికితే అదే నిజమైన ఋజువు అని అతని వాదము. ఈ వాదములో బలము లేకపోలేదు. నేను కూడికలో చెప్పిన మాట అతని మాటకు మూడవ తరమో నాల్గవ తరమో అయిన నకలు అని తెలిసి నాకు ఆశ్చర్యము కలిగింది.

3. బెర్లిన్‌లో జరిగినది

1751లో సామ్యూల్ కోనిగ్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఈ సూత్రమును విమర్శిస్తూ ఒక పత్రము ప్రచురించాడు. అతడు ఆ అకాడమీ సభ్యుడే, మోపెర్టూయికి పాత పరిచయస్థుడే. క్రియ ఎప్పుడూ కనిష్ఠముగా ఉండదని చెప్పుటతో పాటు, 1707లో లైబ్నిజ్ వ్రాసినదిగా చెప్పబడే ఒక లేఖలోని భాగమును ప్రస్తావించాడు. క్రియ కనిష్ఠము గాని గరిష్ఠము గాని అగునను భావము ఆ లేఖలో ఉన్నది. అంటే మోపెర్టూయి చెప్పినది మొదటిసారి కాదు, సరిగా చెప్పినది కూడా కాదు అని ఒకేసారి రెండు దెబ్బలు తగిలినట్లయింది.

లేఖ అసలు ప్రతిని చూపుమని అకాడమీ కోనిగ్‌ను అడిగింది. తనకు నకలు ఇచ్చినవాడు హెన్జీ అని అతడు చెప్పాడు. హెన్జీ 1749లోనే బెర్న్ నగరములో రాజద్రోహ నేరముపై శిరచ్ఛేదము పొందాడు. అసలు ప్రతి దొరకలేదు. 1752 ఏప్రిల్ 13న అకాడమీ ఆ లేఖను కూటసృష్టిగా ప్రకటించింది. అధ్యక్షుడు తానే కక్షిదారుడైన వ్యాజ్యములో అతని చేతి క్రింది సంస్థ తీర్పు చెప్పింది. ఆ నివేదికను సిద్ధము చేసినవాడు లియొనార్డ్ ఆయిలర్. కోనిగ్ తన సభ్యత్వ పత్రమును తిరిగి పంపివేశాడు.

అప్పుడు వోల్టేర్ రంగములోనికి దిగాడు. ఒకప్పుడు మోపెర్టూయిని పొగిడిన ఆయనే, డాక్టర్ అకాకియా అనే కల్పిత వైద్యుని పేర వ్యంగ్య రచన చేసి అధ్యక్షుని నవ్వులపాలు చేశాడు. 1752 డిసెంబరు 24న, క్రిస్మసుకు ముందు రోజు, రాజాజ్ఞ మేరకు ఆ పుస్తకమును బెర్లిన్ వీధులలో బహిరంగముగా తగులబెట్టారు. తగులబెట్టినందువలన దానిని చదివేవారు ఇంకా పెరిగారు. మోపెర్టూయి ఆరోగ్యము చెడి, 1759లో బాసెల్ నగరములో మిత్రుని ఇంట మరణించాడు.

దేవుని జ్ఞానమును ఋజువు చేయబూనిన మనిషి, తన ఋజువులో లోపము చూపినవానిపై అధికారమును ప్రయోగించాడు. సంఘ చరిత్రలో మనము ఇటువంటివి చూడనివి కావు. యోబు గ్రంథము 13వ అధ్యాయములో యోబు తన స్నేహితులను నిలదీసిన సంగతి ఇక్కడ జ్ఞాపకమునకు వస్తుంది. దేవుని తరఫున వకాల్తా పుచ్చుకొని అన్యాయముగా వాదించవచ్చునా అన్నదే అతని ప్రశ్న.

4. ఆయిలర్, లాగ్రాంజ్: ఋజువు నుండి సమీకరణమునకు

ఆయిలర్‌ను ఈ ఒక్క నివేదికతో తూచుట న్యాయము కాదు. 1707లో బాసెల్‌లో పుట్టిన ఆయన రిఫార్మ్‌డ్ సంఘపు పాస్టరుగారి కుమారుడు. తండ్రి కోరిక మేరకు మొదట వేదాంతము చదువనారంభించి, తరువాత గణితమునకు మళ్ళాడు. 1747లో దైవ ప్రత్యక్షతను సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకము కూడా వ్రాశాడు. 1744లో, అంటే మోపెర్టూయి మొదటి పత్రము చదివిన సంవత్సరమే, ఆయిలర్ గరిష్ఠ, కనిష్ఠ గుణములు గల వక్రరేఖలను గూర్చిన తన గ్రంథము ప్రకటించి, దాని అనుబంధములో ఈ సూత్రమును మరింత కచ్చితముగా నిరూపించాడు. అయినా తొలి గౌరవమును మోపెర్టూయికే ఇచ్చాడు. సృష్టి పరిపూర్ణుడైన సృష్టికర్త పని గనుక ప్రతిదానిలో గరిష్ఠమో కనిష్ఠమో కనబడుతుందని ఆయన కూడా నమ్మాడు. "గరిష్ఠమో కనిష్ఠమో" అన్న ఆయన జాగ్రత్తను మోపెర్టూయి పాటించలేదు.

1755 ఆగస్టులో ట్యూరిన్ నగరము నుండి 19 ఏళ్ళ యువకుడు జోసెఫ్ లూయీ లాగ్రాంజ్ ఆయిలర్‌కు ఒక లేఖ వ్రాశాడు. ఆయిలర్ బొమ్మలు గీసి, ముక్కలు ముక్కలుగా చేసిన లెక్కను అతడు బొమ్మలు లేకుండా నేరుగా చేసి చూపాడు. ఆయిలర్ ఆ పద్ధతిని మెచ్చుకొని, యువకునికి దక్కవలసిన కీర్తి దక్కాలని తన సొంత రచన ప్రచురణను ఆపుకున్నాడు. ఆ గణితమునకు వేరియేషన్ల కలన గణితము అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే. కోనిగ్ విషయములో చేసిన దానిని, లాగ్రాంజ్ విషయములో చేసిన దానిని ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, ఒకే విశ్వాసిలో ఉండే రెండు మనుష్యులను చూచినట్లుంటుంది.

ఈ పద్ధతిని నేటి రూపములో ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక పిల్లవాడు చెట్టుమీది మామిడికాయకు రాయి విసిరాడు. రాయి చేతిని విడిచిన క్షణము, కాయకు తగిలిన క్షణము మనకు తెలుసు. ఈ రెండింటి మధ్య అది పోగల దారులు లెక్కలేనన్ని. ప్రతి దారిలోను, ప్రతి క్షణములోను రాయి గతిజశక్తి నుండి స్థితిజశక్తిని తీసివేసి, ఆ తేడాలన్నిటిని కాలము పొడుగునా కూడాలి. ఆ మొత్తమే ఇక్కడ క్రియ. రాయి పైకి లేస్తే స్థితిజశక్తి పెరిగి మొత్తము తగ్గుతుంది. మరీ పైకి పోతే, చెప్పిన సమయానికి కాయను చేరుటకు వేగము పెంచుకోవాలి, గతిజశక్తి పెరిగి మొత్తము మళ్ళీ పెరుగుతుంది. ఈ రెండింటికి బేరము కుదిరిన దారియే మనము కంటితో చూచే వంపు.

ఆ దారిని పిసరంత అటూ ఇటూ జరిపినా మొత్తములో మార్పు రాకూడదు అనే నిబంధనను గణితములో పెడితే, ద్రవ్యవేగము మారే రేటు బలమునకు సమానము అనే న్యూటన్ చలన సమీకరణము దానంతట అదే వస్తుంది. ఆయిలర్-లాగ్రాంజ్ సమీకరణము అనబడేది ఈ నిబంధన యొక్క సాధారణ రూపము. లోలకమైనా, గ్రహమైనా, బొంగరమైనా, ఆ శక్తుల తేడాను వ్రాసిన తరువాత మిగిలినది ఒకటే పద్ధతి.

లాగ్రాంజ్ 1788లో వెలువరించిన యంత్రశాస్త్ర గ్రంథములో ఒక్క బొమ్మ కూడా లేదు. దేవుని జ్ఞానమును గూర్చిన వాదము కూడా లేదు. ఈ సూత్రము అతిభౌతిక సత్యము కాదనీ, యంత్రశాస్త్ర నియమముల నుండి వచ్చే సరళమైన ఫలితమనీ ఆయన స్పష్టముగా చెప్పాడు. ఇది దైవదూషణ కాదు. గణితపరముగా అది సరియైన మాట. గమ్యము నుండి బయలుదేరినా, బలము నుండి బయలుదేరినా చేరేది ఒకే సమీకరణము. అట్లయినప్పుడు మొదటి దారి రెండవ దారి కంటె దేవునికి ఎక్కువ దగ్గర అని చెప్పుటకు ఆధారము లేదు.

5. "కనిష్ఠము" అనే మాట జారిపోవుట

ఐర్లాండులోని డబ్లిన్‌లో విలియం రోవన్ హామిల్టన్ 1834, 1835 సంవత్సరములలో ప్రచురించిన పత్రములు ఈ సూత్రమునకు నేటి రూపమును ఇచ్చాయి. ఆయన భక్తిపరుడైన ఆంగ్లికన్ క్రైస్తవుడు. అయినను పొదుపు వాదమును ఆయనే నిరాకరించాడు. ప్రకృతి పొదుపు చేస్తున్నదని చెప్పబడే పరిమాణము చాలాసార్లు దుబారాగా ఖర్చగుచున్నదని ఆయన 1833లోనే వ్రాశాడు. కావలసిన నిబంధన ఒక్కటే, చుట్టుప్రక్కల దారులతో పోల్చినప్పుడు విలువ స్థిరముగా ఉండుట. అది కనిష్ఠము కావచ్చును, కాకపోవచ్చును.

దీనికి ఇంటి ముందు ఉదాహరణ ఉన్నది. సికింద్రాబాదు నుండి మచిలీపట్నమునకు భూగోళముపై దగ్గర దారి ఒక మహావృత్తములోని చిన్న ముక్క. అదే వృత్తము మీద వెనుకకు తిరిగి భూమి అంతా చుట్టి మచిలీపట్నము చేరినా, ఎక్కడా ప్రక్కకు తిరగనందున అది కూడా "తిన్నని" దారియే. ఎవరూ దానిని దగ్గర దారి అనరు.

మోపెర్టూయి మొదటి ఉదాహరణకు కూడా ఎదురుదెబ్బ తగిలింది. 1850లో ఫూకో చేసిన ప్రయోగములో కాంతి నీటిలో గాలిలో కంటె నెమ్మదిగా పోతుందని తేలింది. ఫెర్మాయే సరియైనవాడు. దేవుని ఋజువుకు తొలి మెట్టుగా వేసిన కాంతి లెక్క తప్పు ఊహ మీద నిలిచినదని నూరేండ్లకు బయటపడింది.

6. సాపేక్షతలో అదే సూత్రము

1905లో ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతమును ప్రకటించాడు. కాంతి వేగమునకు దగ్గరగా కదిలే వస్తువులకు న్యూటన్ చలన సమీకరణములు సరిపోవు. 1906లో మాక్స్ ప్లాంక్ ఆ సమీకరణములను సవరించి, అవి కూడా లాగ్రాంజ్ పద్ధతిలోనికే ఒదుగుతాయని చూపాడు. సమీకరణము మారింది, సూత్రము మారలేదు. ఈ కొత్త రూపములో స్వేచ్ఛగా కదిలే వస్తువు క్రియకు అర్థము చాలా సులువు. ఆ వస్తువుతో పాటు ప్రయాణించే గడియారము చూపే కాలమునకు ముందు రుణ గుర్తు పెట్టినదే అది. క్రియ కనిష్ఠమైతే ఆ గడియారపు కాలము గరిష్ఠమవుతుంది. మోపెర్టూయి "తక్కువ" అన్నచోట సాపేక్షత "ఎక్కువ" అంటున్నది. ఒక గుర్తు మార్చినంత మాత్రమున పొదుపరి దుబారా చేసేవాడు అవుతాడు. నా ప్రసంగము కూలిపోయినది ఇక్కడే.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతమును ముగించాడు. దాని ప్రకారము గురుత్వాకర్షణ ఒక బలము కాదు, స్థలకాలపు వంపు. పడుతున్న రాయి ఆ వంపులో తనకు తిన్ననిదైన దారిలో పోతుంది. అట్టి దారికి జియోడెసిక్ అని పేరు.

ఈ మాట భూమి కొలత నుండి వచ్చినది. మన దక్కనుకు ఆ కొలతతో దగ్గరి సంబంధము ఉన్నది. మోపెర్టూయి లాప్‌లాండులో అడిగిన ప్రశ్ననే కర్నల్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలిచి మన దేశములో మొదలుపెట్టాడు. ఆ త్రిభుజముల వరుస నిజాం రాజ్యములోనికి వచ్చింది. 1815లో బీదరు ప్రాంతములో మరియొక ఆధారరేఖ కొలవబడినది. జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాదులోనే లాంబ్టన్‌తో చేరాడు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ వద్ద పనిలో ఉండగానే మరణించాడు. నేడు మల్కాజ్‌గిరికి ప్రక్కనే ఉన్న ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నది. గోళముపై తిన్నని దారిని వెదకే ఆ పనివారి గణితమునే ఐన్‌స్టీన్ స్థలకాలమునకు అన్వయించాడు.

మామిడికాయకు విసిరిన రాయిని మళ్ళీ చూద్దాము. రాయికి ఒక గడియారము కట్టామనుకుందాము. ఎత్తునకు పోయినకొద్దీ గడియారము త్వరగా నడుస్తుంది, వేగముగా కదిలినకొద్దీ నెమ్మదిగా నడుస్తుంది. తన గడియారము ఎక్కువ కాలము చూపే దారిలో రాయి పోతుంది. కాబట్టి కొంత పైకి లేస్తుంది, కాని మరీ పైకి పోదు. లాగ్రాంజ్ శక్తుల బేరమే ఇక్కడ గడియారముల బేరమైనది. ఇది ఊహ కాదు. జి.పి.ఎస్. ఉపగ్రహముల గడియారములు ఎత్తు వలన రోజుకు సుమారు 45 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి, వేగము వలన సుమారు 7 వెనుకబడతాయి. మిగిలిన 38 మైక్రోసెకండ్లను సరిదిద్దనిదే మన ఫోనులోని పటము సరియైన వీధిని చూపదు.

స్థలకాలము ఎంత వంగాలో చెప్పే సమీకరణములు కూడా ఒక క్రియ నుండే వస్తాయని అదే నవంబరులో డేవిడ్ హిల్బర్ట్ గ్యోటింగెన్‌లో చూపాడు. ఆయన పత్రము 20వ తేదీన, ఐన్‌స్టీన్ పత్రము 25వ తేదీన సమర్పించబడినవి. ఇద్దరి మధ్య కొంత మనస్పర్థ వచ్చింది. డిసెంబరులో ఐన్‌స్టీన్ లేఖ వ్రాసి స్నేహమును నిలుపుకున్నాడు. సిద్ధాంతము ఐన్‌స్టీన్‌దేనని హిల్బర్ట్ అంగీకరించాడు. బెర్లిన్ అకాడమీలో జరిగినది మళ్ళీ జరుగలేదు.

1918లో ఎమ్మీ నోతర్ మరియొక లోతైన సంగతి నిరూపించింది. క్రియ ఏ మార్పుకు చలించదో, ఆ సౌష్ఠవమునకు తగిన ఒక నిత్యత్వ నియమము ఉంటుంది. నియమములు నిన్న, నేడు ఒకటే గనుక శక్తి నిలుస్తుంది. ఇక్కడ, అక్కడ ఒకటే గనుక ద్రవ్యవేగము నిలుస్తుంది. స్త్రీ అయినందున ఆమెకు అప్పటికి గ్యోటింగెన్‌లో బోధనాధికారము లేదు. యూదురాలైనందున 1933లో ఉద్యోగము నుండి తొలగింపబడింది. ఆమె పత్రము వెలువడిన 1918లోనే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపించబడినది. తరువాతి కాలములో దానికి ఉపకులపతియైన సూరి భగవంతం, వెంకటరాయుడుతో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఉండగా భౌతికశాస్త్రములో సౌష్ఠవముల గణితముపై 1948లో గ్రంథము ప్రచురించాడు. ఈ చరిత్ర మనకు అంత దూరమైనది కాదు.

కాంతికి గమ్యము ముందే ఎట్లు తెలుసు అన్న క్లెర్సెలియే ప్రశ్నకు 1948లో రిచర్డ్ ఫైన్‌మన్ పని ద్వారా జవాబు దొరికింది. క్వాంటం సిద్ధాంతములో కణము ఒక దారిని ఎంచుకోదు. సాధ్యమైన దారులన్నీ లెక్కలోనికి వస్తాయి. క్రియ స్థిరముగా ఉన్న దారి చుట్టూ ఉన్నవి ఒకదానికొకటి బలమిస్తాయి, మిగిలినవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. రాయికి ముందుచూపు అవసరము లేదు.

7. దైవజ్ఞానపరమైన పరిశీలన

రోమా పత్రిక 1:20 ఆధారముగా సృష్టి నుండి సృష్టికర్తను గుర్తించవచ్చునని సంఘము మొదటి నుండి బోధించింది. ఈ వ్యాసము ఆ బోధను కాదనుట లేదు. ఒక సిద్ధాంతములోని ఒక మాట మీద, అది కూడా ఆ సిద్ధాంతమును కట్టినవారే సవరించిన మాట మీద, సాక్ష్యమును ఆనించుటలోని ప్రమాదమును మాత్రము చూపుతున్నది. మోపెర్టూయి ఋజువుకు ప్రాణము "తక్కువ" అనే మాట. హామిల్టన్ దానిని తీసివేశాడు, సాపేక్షత దానిని తిరుగవేసింది. ఆ మాటతో పాటు దేవుడు కూడా పోయాడని ఎవరైనా అనుకుంటే, ఆ తప్పు ప్రకృతిది కాదు, ఋజువును కట్టిన బోధకునిది.

ప్రథమ కారణము, ద్వితీయ కారణములు అనే పాత భేదము ఇక్కడ ఉపయోగపడుతుంది. బలము అని చెప్పినా, క్రియ అని చెప్పినా, రెండూ ద్వితీయ కారణములను వర్ణించే విధానములే. అంతిమ కారణము వలె కనబడే వర్ణన దేవునికి ఒక మెట్టు దగ్గర కాదు. నిమిత్త కారణము వలె కనబడే వర్ణన ఒక మెట్టు దూరము కాదు. లాగ్రాంజ్ దేవుని పేరు ఎత్తకుండా వ్రాసిన పుటలను విశ్వాసి నిర్భయముగా చదువవచ్చును.

ఈ విషయములో ప్లాంక్ జీవితము గమనింపదగినది. ఆయన 1920 నుండి మరణించిన 1947 వరకు బెర్లిన్‌లోని తన సంఘములో పెద్దగా సేవ చేశాడు. 1937లో మతము, విజ్ఞానశాస్త్రములను గూర్చి చేసిన ప్రసంగములో ఈ సూత్రమును ప్రత్యేకముగా ప్రస్తావించి, ప్రకృతిలో బుద్ధికి అందే ఒక క్రమము ఉన్నదనుటకు దానిని సూచనగా చూపాడు. అయితే మతమునకు దేవుడు ఆరంభము, విజ్ఞానశాస్త్రమునకు ఆయన గమ్యము అనే భావముతో రెండింటిని వేరుగా ఉంచాడు. 1945 జనవరిలో నాజీలు ఆయన కుమారుడు ఎర్విన్‌ను ఉరితీశారు. ఆ దుఃఖములో ఆయనను ఏ సమీకరణము నిలిపి ఉంటుంది? నిలిపినది మరియొకటై ఉంటుందని పాస్టరుగా నేను అనుకుంటాను.

ముగింపు

తరువాతి యౌవనస్థుల కూడికలో అదే చోట నిలబడి, పోయినసారి నేను చెప్పిన ఋజువు సరికాదని చెప్పాను. ఆ అబ్బాయిని ముందుకు పిలిచి రాయిని, మామిడికాయను బోర్డు మీద గీయించాను. పిల్లలు నా ప్రసంగము కంటె అతని బొమ్మనే ఎక్కువ శ్రద్ధగా చూశారు. ఒక పెద్దాయన మాత్రము, "అయ్యగారూ, పులిపిట మీద తప్పయిందని చెప్తే పిల్లల విశ్వాసం సడలదా?" అని అడిగారు. "తప్పని తెలిసీ చెప్పకపోతేనే సడలుతుంది, పెద్దయ్యా" అన్నాను.

మన సంఘములలో ఈనాడు ఇంజనీర్లు, విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఎందరో కూర్చుంటున్నారు. బోధకుడు విజ్ఞానశాస్త్రము నుండి ఉపమానము తీసుకొనే ముందు, అది చదివిన ఒక్కరిని ముందుగా అడుగుట మంచిది. కోనిగ్‌ను మోపెర్టూయి వినియుంటే అతని సూత్రము అతని చేతిలోనే సరిదిద్దబడి ఉండేది. మనలను సరిదిద్దే కోనిగ్ మన మూడవ వరుసలోనే కూర్చొని ఉండవచ్చును.